కలము పట్టిన చేయి – షోయబుల్లాఖాన్ గారి జీవితము

నేడు పల్లెటూరి గ్రంథాలయమున ఉదయమే తలుపు తెరచి, బల్లపై దినపత్రికలను పరచుట సామాన్య విషయము. ఇష్టమైనవారు ఇష్టమైన పత్రికను చదువుదురు. నచ్చినచో మెచ్చుకొందురు, నచ్చనిచో ఖండింతురు. ఇందు భయపడవలసినదేమియు లేదు. కాని ఈ స్వేచ్ఛ యెంత మూల్యమునకు లభించినదో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల వయోవృద్ధులకును, వారి నోట పూర్వపు సంగతులు విన్నవారికిని తెలియును. ఒక సంపాదకుడు తాను వ్రాసిన వ్రాతలకై ముందు చేతిని, ఆ వెనుక ప్రాణమును కోల్పోయిన దినములు ఒకప్పటి హైదరాబాదు రాజ్యమున నుండెను. ఆ సంపాదకుడే ఇమ్రోజ్ పత్రికను నడిపిన షోయబుల్లాఖాన్ గారు. గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున ఆ మహనీయుని చరిత్రను చదువరులు స్మరించుట ఉచితము.

ఆయన జీవితము తెలియవలెనన్న ఆ కాలపు పరిస్థితి కొంత తెలియవలెను. నాడు సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూరునగరము తాలూకాలు నిజాము రాజ్యమందలి నల్లగొండ జిల్లాలోనివి. కోదాడ హుజూరునగరము తాలూకాలో చేరియుండెను. దాని చేరువనున్న మునగాల పరగణా మాత్రము నలువైపుల నిజాము గ్రామములచే చుట్టబడియు, మదరాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. కొద్ది మైళ్ళు నడచినచో చట్టము మారెడిది. ఒక వైపున చదువదగిన పత్రిక మరియొక వైపున నిషిద్ధమయ్యెడిది. ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. కచేరీలలో, న్యాయస్థానములలో, పోలీసు ఠాణాలలో నడచునది ఉర్దూ. 1929లో వెలువడిన గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి సభ జరుపుటకు సర్కారు అనుమతి ముందుగా పొందవలసియుండెను.

అట్టి దినములలోనే ఈ నేలపై గ్రంథాలయోద్యమము మొలకెత్తినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినప్పుడు దానికి అండగా నిలిచినవారిలో మునగాల జమీందారు నాయని వేంకటరంగారావు గారు ముఖ్యులు. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావు గారు నీలగిరి పత్రికను, ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. 1928లో సూర్యాపేటలో ఆంధ్ర జనకేంద్ర సంఘ సమావేశము జరిగెను. 1941లో కోదాడ సమీపమందలి చిలుకూరున రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగెను. ఈ కృషి యంతయు తెలుగువారిని మేల్కొలుపుటకు. అయితే రాజ్యమేలువారు చదువునది ఉర్దూ. రైతు కష్టము వారి చెవిని బడవలెనన్న, వారి భాషలోనే, వారిలోని వాడే చెప్పవలసియుండెను. షోయబుల్లాఖాన్ గారు పూనుకొన్న పని అదియే.

ఆయన 1920వ సంవత్సరము అక్టోబరు నెలలో, నాటి వరంగల్లు జిల్లా మహబూబాబాదు తాలూకాలోని శుభ్రవేడు గ్రామమున జన్మించిరి. తండ్రి హబీబుల్లాఖాన్ గారు పోలీసు శాఖలో ఉద్యోగి. బాలుని ముఖమున గాంధీ మహాత్ముని పోలికలు కలవని తండ్రి మురిసిపోయి, ఇంట గాంధీయని ముద్దుగా పిలిచెడివాడని చెప్పుకొందురు. నిజాము కొలువులో నున్న పోలీసు ఉద్యోగి ఇంట ఆ పేరు వినబడుట విశేషమే. పెరిగి పెద్దవాడైన పిదప ఆ కుమారుడు ఆ ముద్దుపేరును సార్థకము చేసికొనెను.

ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆయన పట్టభద్రులైరి. ఆ విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగెడిది. అచ్చట పట్టము పుచ్చుకొన్న ముస్లిము యువకునకు, అందును సర్కారు ఉద్యోగి కుమారునకు, కొలువు దొరకుట నాడు కష్టము కాదు. నెలజీతము, గౌరవము, అధికారము కోరినవానికి దారి తెరచియుండెను. ఆయన ఆ దారి విడిచి పత్రికారచనను చేపట్టిరి. మొదట తేజ్ అను వారపత్రికలో ఉపసంపాదకులుగా చేరిరి. ఆ పత్రిక ప్రభుత్వాగ్రహమునకు గురియై నిలిచిపోగా, మందుముల నరసింగరావు గారు నడుపుచుండిన రయ్యత్ పత్రికలో చేరిరి. రయ్యత్ అన రైతు, ప్రజ యని అర్థము. పేరునకు తగినట్లుగా ఆ పత్రిక ఉర్దూలో ప్రజాపక్షమును వాదించుచుండెను. నరసింగరావు గారు 1937లో నిజామాబాదు ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన నాయకులు. వారియొద్ద షోయబుల్లాఖాన్ గారికి పత్రికారచనలోని మెలకువలతోబాటు ధైర్యమును అలవడెను. 1947లో రయ్యత్ పత్రికయు ప్రభుత్వ నిషేధమునకు గురియయ్యెను.

1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమయ్యెను. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ మాత్రము ఇండియన్ యూనియనులో చేరక స్వతంత్రుడుగా నుండదలచెను. 1946 నుండి ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థ లాతూరు న్యాయవాది కాసిం రజ్వీ నాయకత్వమున నడచుచుండెను. ఆ సంస్థకు చెందిన రజాకారులు ఆయుధములు ధరించి గ్రామములపై బడుచుండిరి. సర్కారు వారిని వారింపలేదు. తేజ్, రయ్యత్ పత్రికలు మూతబడుటను స్వయముగా చూచిన యువకుడు అట్టి సమయమున మరియొక పత్రికను పెట్టుటకు సాహసించుట సామాన్యము కాదు. షోయబుల్లాఖాన్ గారు బూర్గుల రామకృష్ణారావు గారు మొదలగు పెద్దల ప్రోత్సాహముతోను, ఇంటి స్త్రీల నగల నమ్మి సమకూర్చిన సొమ్ముతోను 1947 నవంబరు 15న ఇమ్రోజ్ దినపత్రికను ప్రారంభించిరి. పారసీకమున ఇమ్రోజ్ అన నేడు అని యర్థము.

పత్రిక వెలువడిన రెండు వారములకు, నవంబరు 29న, నిజామునకును భారత ప్రభుత్వమునకును యథాతథపు ఒడంబడిక కుదిరెను. సరిగా ఆ దినముననే న్యూయార్కున ఐక్యరాజ్య సమితి మహాసభ పాలస్తీనా దేశమును యూదు రాజ్యముగను, అరబ్బు రాజ్యముగను విభజింపవలెనని తీర్మానించెను. 33 దేశములు అనుకూలించినవి, 13 వ్యతిరేకించినవి, 10 తటస్థముగ నుండినవి. భారతదేశము వ్యతిరేకించినవానిలో నుండెను. ఈ రెండు దేశముల సమస్యలు వేరు, చరిత్రలు వేరు. కాని రెండుచోట్లను నేల యెవరిదను ప్రశ్నయు, దానిని తీర్చుటలో ప్రజల మాట యెంతవరకు చెల్లునను ప్రశ్నయు ఒక్కదినమున ఎదురుబడినవి. రెండుచోట్లను ఆయుధము చేపట్టినవారు తమ జాతి పేరిట మాటలాడుటకు తమకే హక్కున్నదని చాటిరి. ఆ హక్కు వారికెవరిచ్చిరని అడుగువాడు తమవారిలోనే బయలుదేరినచో అతనిని ద్రోహియనిరి.

షోయబుల్లాఖాన్ గారు ఇమ్రోజ్ లో ఆ ప్రశ్ననే అడిగిరి. హైదరాబాదు ప్రజలలో అత్యధికులు హిందువులు. పాలనాధికారము చాల భాగము ముస్లిము ఉన్నత కుటుంబములది. ఈ స్థితి యిట్లే నిలువవలెనన్న బలప్రయోగము తప్ప మార్గము లేదనియు, బలప్రయోగము తుదకు ముస్లిము సామాన్యులకే చేటు తెచ్చుననియు, రాజ్యము ఇండియన్ యూనియనులో చేరి బాధ్యతాయుత ప్రభుత్వము నేర్పరచుటయే అందరకును క్షేమమనియు ఆయన వాదము. మతమును ఆయన నిందింపలేదు, విడువలేదు. మతము పేరిట సాగు దోపిడిని, హత్యను మాత్రము తప్పని వ్రాసిరి. ఈ మాటనే ఒక కాంగ్రెసు హిందువు తెలుగులో వ్రాసినచో రజాకారులకు అది శత్రువు మాటగా తోచెడిది, వారు లక్ష్యపెట్టక పోయెడివారు. ఒక ముస్లిము యువకుడు శుద్ధమైన ఉర్దూలో వ్రాసి నగర వీథులలో అమ్మించుటచే అది వారి ఇంటిలోనే పుట్టిన ప్రశ్నయయ్యెను. వారి కోపమునకు మూలమిదియే.

1948 జనవరిలో ఆయన పగటి ప్రభుత్వము, రాత్రి ప్రభుత్వము అను భావమును శీర్షికగా గొని ఒక సంపాదకీయము వ్రాసిరి. ఆ శీర్షికకు సూర్యాపేట తాలూకా రైతునకు వేరుగా వ్యాఖ్యానము చెప్పనక్కరలేదు. 1946 నుండి ఆ ప్రాంతము పోరాటభూమియై యుండెను. పాత సూర్యాపేట, బాలెముల, హుజూరునగరము తాలూకాలోని మల్లారెడ్డిగూడెము గ్రామములలో ప్రజలు వెట్టిచాకిరికిని, దౌర్జన్యమునకును ఎదురునిలిచి పోలీసు కాల్పులకు గురియైరి. పగలు పోలీసులు, రజాకారులు, దేశముఖుల మనుష్యులు వచ్చి పన్నులు, ధాన్యము అడిగెడివారు, ఇండ్లు తగులబెట్టెడివారు. రాత్రి సంఘము దళములు వచ్చెడివి. మిర్యాలగూడ తాలూకా దక్షిణ గ్రామములవారు పలువురు కృష్ణ దాటి పల్నాటి వైపునకును, కోదాడ ప్రాంతమువారు మునగాల, నందిగామల వైపునకును పిల్లాజెల్లలతో తరలిపోయిరి. ప్రజలను కాపాడవలసిన పాలన ఎచ్చటనున్నదో తెలియని దుస్థితి యది. ప్రభుత్వ ప్రకటనలు మాత్రము రాజ్యమంతట శాంతి నెలకొన్నదని చెప్పుచుండెను. రాజధానిలో కూర్చుండి, ఆ ప్రకటనలను నమ్మనిరాకరించి వ్రాసిన కొద్దిమందిలో షోయబుల్లాఖాన్ గారొకరు.

బెదిరింపు ఉత్తరములు వచ్చినవి. మిత్రులు జాగ్రత్తగా నుండుమని కోరిరి. ఆయన పత్రిక నాపలేదు, పత్రిక ధోరణిని మార్చలేదు. 1948 ఆగస్టులో మరియొక సంఘటన జరిగెను. బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా గారలు మొదలుగా ఏడుగురు ముస్లిము ప్రముఖులు ఒక ప్రకటన చేసిరి. రాజ్యము ఇండియన్ యూనియనులో చేరవలెననియు, రజాకారు సంస్థను రద్దుచేయవలెననియు వారు కోరిరి. ఫరీద్ మీర్జా గారు తహసీలుదారు పదవిని త్యజించినవారు. ఈ ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించెను. ముస్లిములందరు ఒక్క మాటపై నున్నారను రజాకారు నాయకుల ప్రచారము దీనితో బీటవారెను. కొలది దినములలోనే హైదరాబాదు జమ్రుద్ మహల్ లో జరిగిన సభలో కాసిం రజ్వీ, తమ కెదురుగా లేచు చేతులను నరికివేయవలెనను భావముతో ప్రసంగించెను. ఆ మాట ఎవరి నుద్దేశించినదో నగరమున పలువురు గ్రహించిరి.

ఆగస్టు 21వ తేదీ రాత్రి షోయబుల్లాఖాన్ గారు కార్యాలయమున మరునాటి పత్రిక పని ముగించుకొని, బావమరదియైన ఇస్మాయిల్ ఖాన్ గారితో గూడ కాచిగూడ ప్రాంతమునందలి తమ ఇంటికి నడచిపోవుచుండిరి. దారిలో దుండగులు వారిని చుట్టుముట్టిరి. తుపాకి ప్రేల్చిరి. నేలకొరిగినవాని చేతిని, కలము పట్టిన ఆ చేతిని, కత్తులతో నరికిరి. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ గారిని సైతము తీవ్రముగా గాయపరచిరి. షోయబుల్లాఖాన్ గారు 22వ తేదీ తెల్లవారక మునుపే కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరములైనను నిండలేదు. ఇమ్రోజ్ సంపాదకులుగా ఆయన పనిచేసినది తొమ్మిది నెలల కాలము మాత్రమే. తల్లిదండ్రులను, యౌవనమందున్న భార్యను విడిచి ఆయన వెడలిపోయిరి. ఆయన దేహమును గోషామహల్ లోని శ్మశానవాటికలో ఖననము చేసిరి.

ఆ హత్య జరిగిన ఇరువదిరెండవ దినమున, అనగా సెప్టెంబరు 13న, భారత సైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. ప్రధాన దళము షోలాపూరు వైపునుండి రాగా, మరియొక దళము విజయవాడనుండి బయలుదేరి కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగెను. సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. షోయబుల్లాఖాన్ గారు కోరిన విలీనమును చూచుటకు ఆయనకు ఇరువదియారు దినముల ఆయువు చాలకపోయెను. కాసిం రజ్వీ బీబీనగరు దోపిడి కేసులో శిక్ష ననుభవించి, 1957లో విడుదలయై పాకిస్తానునకు వెడలిపోయెను.

చరిత్ర ఇంతటితో ముగిసినదని తలచుట పొరపాటు. రజాకారుల పాలన అంతరించిన వెనువెంటనే రాజ్యమునందలి కొన్ని జిల్లాలలో, ముఖ్యముగా మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతములలో, ఏ పాపము నెరుగని ముస్లిము కుటుంబములపై ఘోర ప్రతీకారము జరిగెను. ఆ సంగతుల విచారణకై భారత ప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ బృందములో ఖాజీ అబ్దుల్ గఫార్ గారొకరు. వారు హైదరాబాదులో పయాం అను ఉర్దూ పత్రికను నడిపిన సంపాదకులు. మృతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు నుండవచ్చునని ఆ బృందము అంచనా వేసెను. ఆ నివేదిక అనేక దశాబ్దముల పర్యంతము ప్రజలకు అందలేదు. నల్లగొండ జిల్లాలో మరియొక విధమైన కష్టము కొనసాగెను. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటమును విరమించువరకు సూర్యాపేట, హుజూరునగరము, మిర్యాలగూడ గ్రామములు సైన్యపు నిర్బంధములను, దళముల సంచారమును చవిచూచినవి. అట్టి దినములలో రజాకారులను ఖండించిన గొంతుతోనే, అమాయక ముస్లిముల రక్తమునకును, రైతుబిడ్డల నిర్బంధమునకును సమాధానము చెప్పుమని అడుగగల సంపాదకుడు హైదరాబాదునకు అవసరమై యుండెను. ఇంతకు పూర్వము తనవారిని విమర్శించి ప్రాణము నొడ్డినవాని మాటను ఏ పక్షమువారును పక్షపాతమని త్రోసివేయజాలరు. షోయబుల్లాఖాన్ గారి హత్యవలన కలిగిన నష్టములో ఇది పెద్దభాగము.

కాంగ్రెసు నాయకుల సహాయముతో వెలసిన పత్రికను స్వతంత్ర పత్రిక యనవచ్చునా యని కొందరు శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. పత్రికకు కాగితము, అచ్చుయంత్రము, జీతములు కావలెను. ఇవి యెవరో సమకూర్చక తప్పదు. రచయిత స్వాతంత్ర్యమును సొమ్ము ఎచ్చటనుండి వచ్చినదను విషయముతో మాత్రమే కొలువరాదు. వ్రాసిన వ్రాతవలన రచయితకు కలిగినది లాభమా నష్టమా యనియు చూడవలెను. సర్కారు పక్షమున వ్రాసినచో షోయబుల్లాఖాన్ గారికి బిరుదులు, ఉద్యోగములు, రక్షణ లభించియుండెడివి. మౌనముగ నుండినను ప్రాణము దక్కెడిది. ఆయన రెండును వలదనుకొనిరి. శత్రువును దూషించుటకు గొప్ప ధైర్యము అక్కరలేదు. వినువారందరును చప్పట్లు చరతురు. పండుగనాడు ప్రక్కన నిలిచి నమాజు చేయువారికి, బంధువులకు, ఇరుగుపొరుగు వారికి మీరు చేయునది తప్పని చెప్పుట కష్టము. ఆ కష్టము నంగీకరించినవానినే స్వతంత్ర రచయిత యనవలెను.

ఇట్టివారు అన్ని దేశములలోను ఉన్నారు. పాలస్తీనాలోని జాఫా నగరమున 1911లో ఈసా అల్ ఈసా, యూసుఫ్ అల్ ఈసా అను క్రైస్తవ బంధువులిద్దరు ఫలస్తీన్ అను పత్రికను స్థాపించిరి. వలస వచ్చువారివలన అరబ్బు రైతునకు కలుగు నష్టమును వ్రాసిన ఆ పత్రికయే, తమ చర్చిలో పెత్తనము చేయు గ్రీకు మతాధికారులను గూడ విమర్శించెను. తరువాతి తరమున నాజీ అల్ అలీ అను పాలస్తీనా చిత్రకారుడు వెలసెను. 1948లో బాల్యముననే స్వగ్రామమును కోల్పోయి లెబనానులోని శరణార్థి శిబిరమున పెరిగినవాడు. చేతులు వెనుకకు కట్టుకొని, చూపరులకు వీపు త్రిప్పి నిలిచిన హందలా అను పదేండ్ల బాలుని ఆయన తన వ్యంగ్యచిత్రములలో చిరస్మరణీయుని గావించెను. ఇజ్రాయేలును ఎంత తీవ్రముగ విమర్శించెనో, అరబ్బు రాజులను, పాలస్తీనా నాయకత్వమును గూడ అంతే తీవ్రముగ విమర్శించెను. 1987 జూలై 22న లండనులో పత్రికా కార్యాలయము ముందు ఆయనపై కాల్పులు జరుగగా, ఆగస్టు 29న మరణించెను. కాచిగూడ వీథికిని లండను వీథికిని ఎంతయో దూరము. జనుల పేరు చెప్పి అధికారము నడుపువారికి, ఆ జనులలోనుండియే లేచిన విమర్శ యెంత సహింపరానిదో రెండు వీథులును సాక్ష్యమిచ్చుచున్నవి.

2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినది; కోదాడ అందులో చేరినది; మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో నిలిచినది. సరిహద్దులు మారినవి, మునగాల పరగణా ప్రత్యేకత పోయినది. పత్రికలకు నాటి నిషేధములు లేవు. కాని పత్రిక చదువుట వేరు, తన పక్షమునకు నచ్చని పత్రికను గూడ గ్రంథాలయపు బల్లపై నుండనిచ్చుట వేరు. రెండవదానికి పాఠకునిలోను కొంత ధైర్యము కావలెను. తన కులమును, తన మతమును, తన పార్టీని విమర్శించు వ్యాసమును చింపివేయక కడవరకు చదివి, అందు నిజమెంత కలదని విచారించు పాఠకుడు లేనిచో స్వతంత్ర రచయిత వ్రాసియు ప్రయోజనము లేదు. షోయబుల్లాఖాన్ గారికి ఇంతకంటె తగిన స్మారకచిహ్నము లేదు. ప్రతి గ్రామ గ్రంథాలయము దానిని తన పఠనమందిరముననే నిర్మించుకొనవచ్చును.